పాత కన్వర్టబుల్ కొనాలనుకుంటున్నారా? ముందు కార్పెట్ ఎత్తి చూడండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. టాప్ తీసేసి నడుపుకునే చిన్న స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఇన్నాళ్లకు కొంత డబ్బు పక్కన పెట్టగలిగాను, కొత్తది కొనేంత కాదు. రెండు పాత బండ్లు చూశాను, ధర ఇంచుమించు ఒక్కటే. మొదటిది 2001 మాజ్దా ఎంఎక్స్-5. 1,70,000 కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఫైలు చేసి ఉన్నాయి, కానీ రంగు వెలిసింది, టాప్ కుట్టు ఒకచోట విడిపోయింది. రెండోది 2002 పోర్షె బాక్స్‌స్టర్. 60,000 మాత్రమే తిరిగింది, తళతళ మెరుస్తోంది, నాలుగేళ్లుగా షెడ్డులో కవర్ కిందే ఉందట. నా మనసు రెండోదాని మీదే ఉంది. మా వారు ఏది కొన్నా తెల్ల ఏనుగే అంటున్నారు. ఇప్పుడున్న కారు అమ్మేసి రోజూ ఆఫీసుకు కూడా దీంట్లోనే వెళ్దామని నా ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: మాజ్దా కొనండి, అది కూడా లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద అంతా చూపించాకే. బాక్స్‌స్టర్ జోలికి వెళ్లొద్దు. ఇప్పుడు వాడుతున్న కారును కనీసం ఇంకో ఏడాది అమ్మకండి. నా సమాధానం ఇంతే. కానీ ఎందుకో చెప్పకుండా వదిలేస్తే ఆ మెరిసే బండి ముందు మళ్లీ నిలబడగానే మీ మనసు మారిపోతుంది, అందుకే కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బాక్స్‌స్టర్ చెడ్డ కారు అని నేను అనడం లేదు. 1996లో మొదలై 2004 దాకా తయారైన ఆ మొదటి తరం బాక్స్‌స్టర్ నడిపిన ఎవరినైనా అడగండి, ఇంజిన్ సీట్ల వెనకే ఉండటం వల్ల మలుపుల్లో అది ఎంత నిలకడగా తిరుగుతుందో, ఆ ఆరు సిలిండర్ల శబ్దం వీపు వెనక నుంచి ఎలా వినిపిస్తుందో కళ్లు పెద్దవి చేసుకుని చెప్తారు. నేనూ అదే చెప్తాను. చిక్కు ఎక్కడంటే, పాతబడ్డాక ఆ కారు కొనే ధర పడిపోయింది గానీ బాగుచేయించే ధర పడిపోలేదు. కొత్తలో అది ఖరీదైన కారు కదా, దాని విడిభాగాలకూ, దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్ కూలీకీ ఇప్పటికీ ఆ స్థాయిలోనే ఇచ్చుకోవాలి. ఒక ఎంఎక్స్-5 ధరకే బాక్స్‌స్టర్ వస్తోందంటే మిగతా సగం ధర తర్వాత వాయిదాల్లో కట్టబోతున్నామని అర్థం చేసుకోవాలి.

దానికి తోడు ఒక ప్రత్యేకమైన భయం ఉంది, మీరు చూసిన 2002 మోడల్‌కు మరీ వర్తిస్తుంది. ఆ ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంటుంది, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ నుంచి వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్‌లకు తిరుగుడు అందించేది అదే. దాని చివర ఒంటి వరుస బాల్ బేరింగు ఉంటుంది, లోపల గ్రీజు పెట్టి సీలు చేసినది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీలు సందుల్లోంచి ఇంజిన్ ఆయిల్ లోపలికి దూరి గ్రీజును కడిగేస్తుంది. అక్కడి నుంచి బేరింగు అరగడం మొదలై, ఒకరోజు విడిపోయిందంటే టైమింగ్ తప్పి, వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజిన్ మొత్తం పోతుంది. అన్ని బండ్లకూ ఇలా కాదు, ఒరిజినల్ బేరింగుతోనే ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నవి బోలెడన్ని ఉన్నాయి. కానీ పోయినప్పుడు మాత్రం కారు ధర కంటే ఇంజిన్ ధర ఎక్కువవుతుంది. తెలివైన ఓనర్లు క్లచ్ మార్చేటప్పుడు, గేర్‌బాక్స్ ఎలాగూ కిందికి దించుతారు కాబట్టి, అప్పుడే ఈ బేరింగు కూడా మంచిది వేయించేస్తారు. 60,000 కిలోమీటర్లకే బహుశా ఇంకా క్లచ్ మార్చి ఉండరు, అంటే బేరింగు కూడా పాతదే అయ్యుంటుంది. తక్కువ తిరగడం ఇక్కడ మీకు కలిసొచ్చేది కాదు.

ఆ మాటే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పాత బండి కొనేటప్పుడు అందరూ మోసపోయేది ఈ మీటర్ దగ్గరే. కిలోమీటర్లు తక్కువగా ఉంటే బండి కొత్తదానితో సమానం అనుకుంటారు. వాడే బండి వాడకంతో అరుగుతుంది, నిలబెట్టిన బండి వయసుతో పాడవుతుంది, రెండోది కంటికి కనిపించదు. నాలుగేళ్లు కదలకుండా ఉంటే బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటూ పోతుంది, అందుకే వాడినా వాడకపోయినా రెండేళ్లకోసారి దాన్ని మార్చమంటారు. చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్లు బిగుసుకుంటాయి. ట్యాంకులో పెట్రోలు జిగటగా మారి ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. ఎప్పుడూ ఆయిల్‌లో తడుస్తూ ఉండాల్సిన సీళ్లు ఎండిపోయి, మళ్లీ నడపడం మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో ఒక్కొక్కటీ కారడం మొదలుపెడతాయి. టైర్లు చూడబోతే గాళ్లు లోతుగా, కొత్తవాటిలాగే ఉంటాయి, కానీ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద అలాంటి టైరు పట్టు అసలు నమ్మలేం. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైందని. అలాంటి టైర్లు ఎంత బాగా కనిపించినా నాలుగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు బండి ధరలో కలిపి లెక్కేసుకోవాల్సిందే.

మరి 1,70,000 తిరిగిన మాజ్దాకు ఇవేవీ ఉండవా? ఉంటాయి. కాకపోతే అది రోజూ వాడిన బండి, కాబట్టి ఏది పోయిందో అది అప్పటికప్పుడు మార్చారు, మార్చినట్టు బిల్లు ఉంది. నాకు ఆ ఫైలు మెరిసే పెయింట్ కంటే విలువైనది. బిల్లులు తిరగేసేటప్పుడు మొత్తం ఎంత ఖర్చయిందో చూడకండి, తేదీలు చూడండి. మధ్యలో మూడేళ్లు ఖాళీ ఉంటే ఆ మూడేళ్లూ ఏమైందని అడగండి. వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్ట్ లక్ష కిలోమీటర్ల దగ్గర మార్చారా అని చూడండి, మార్చకపోతే కొన్న వారంలోనే మార్పించుకోవాలి, వాటర్ పంపు కూడా అదే సమయంలో.

ఎంఎక్స్-5 అంత ధైర్యంగా ఎందుకు చెప్తున్నానంటే, 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో అది మొదటిసారి కనిపించిన నాటికి ఇలాంటి చిన్న, చవకైన, తేలికైన ఓపెన్ కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. 60ల్లో, 70ల్లో ఎంజీబీలూ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్లూ ఫియట్ 124 స్పైడర్లూ ఇచ్చిన ఆనందాన్ని అలాగే ఉంచి, రోడ్డు మీద ఆగిపోవడం, ఆయిల్ కారడం, వైరింగ్ కాలడం అనే గోల లేకుండా చేద్దామన్నదే మాజ్దా పట్టుదల. చేసి చూపించారు. ముందు ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవ్, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, చేత్తో లాగి వేసుకునే టాప్, అంతకు మించి ఏమీ లేదు. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. అన్ని బండ్లు ఉండటం వల్ల మనకేం లాభం అంటారా, విడిభాగాలు దొరుకుతాయి, ఏ భాగం ఎప్పుడు పోతుందో ముందే తెలుసు, మామూలు మెకానిక్ కూడా భయపడకుండా చెయ్యి వేస్తాడు. క్లచ్ పెడల్ ఒకరోజు హఠాత్తుగా కిందికి దిగిపోయిందనుకోండి, ఎంఎక్స్-5 అయితే నూటికి తొంభై పాళ్లు గేర్‌బాక్స్ పక్కనుండి క్లచ్‌ను తోసే చిన్న స్లేవ్ సిలిండర్ సీలు పోయి ఉంటుంది, పెద్ద ఖర్చు లేకుండా అయిపోయే పని.

ఆ కారుకు అసలు శత్రువు వేరే ఉంది, అది నీళ్లు. ఈ జవాబులో మీరు ఒక్క పేరానే గుర్తుపెట్టుకోగలిగితే ఇక్కడి నుంచి గుర్తుపెట్టుకోండి.

మామూలు కారుకు పైకప్పు బలం ఉంటుంది. కన్వర్టబుల్‌కు అది లేదు. మూత తీసేసిన అట్టపెట్టెను రెండు చేతులతో మెలితిప్పి చూడండి, ఎంత సులువుగా వంకర పోతుందో. అలా పోకుండా కన్వర్టబుల్‌ను నిలబెట్టేవి ప్రధానంగా తలుపుల కింద పొడవునా ఉండే డొల్ల ఉక్కు భాగాలు, సిల్స్ అంటారు. ఇప్పుడు వాన నీళ్లు ఎటు పోతాయో చూడండి. టాప్ మీద పడ్డ వాన వెనక్కి జారి, టాప్ అంచు కింద ఉన్న ప్లాస్టిక్ కాలువలో పడి, రెండు పక్కలా సీటు బెల్ట్ స్తంభాల దగ్గర ఉన్న రంధ్రాల్లోంచి కిందికి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు బండి కిందికి కారిపోవాలి. బండిని చెట్టు కింద పెడతాం, ఆకులూ పూతా దుమ్మూ ఆ రంధ్రంలో చేరి ముద్ద కడతాయి. ఇక నీళ్లకు దారి ఉండదు. పొంగి లోపల కార్పెట్ మీదికైనా వస్తాయి, సిల్ లోపలికైనా దిగుతాయి. ఏ ఉక్కు అయితే బండిని నిలబెడుతోందో సరిగ్గా ఆ ఉక్కే లోపల నుంచి తుప్పు తినడం మొదలుపెడుతుంది, బయట పెయింట్ మాత్రం చెక్కుచెదరదు. బుడగ పైకి కనిపించే సరికి లోపల జల్లెడ అయిపోయి ఉంటుంది. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ మాట తుప్పు పట్టిన కన్వర్టబుల్‌కు సరిగ్గా సరిపోతుంది.

బాక్స్‌స్టర్‌కూ ఇదే కథ, ఇంకా ఖరీదైన కథ. దాని డ్రెయిన్లు, అంటే నీళ్లు పోయే రంధ్రాలు, టాప్ మడతపడే గుంతలో మూలలకు ఉంటాయి, అవి మూసుకుపోతే నీళ్లు కారు లోపలికి వస్తాయి. లోపల, సీటు కింద, కార్పెట్ మీద ఏముంటుందో తెలుసా? సెంట్రల్ లాకింగూ, దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే ఇమ్మొబిలైజరూ చూసుకునే కంట్రోల్ బాక్స్. అది తడిస్తే కారు స్టార్టే అవ్వదు. బీఎండబ్ల్యూ జెడ్4 మొదటి తరంలో టాప్‌ను నడిపించే హైడ్రాలిక్ మోటారును సరిగ్గా నీళ్లు చేరే గుంత అడుగునే పెట్టారు, డ్రెయిన్ మూసుకుపోయిన మొదటి పెద్ద వానకే మోటారు మునిగి చచ్చిపోతుంది. గుప్పెడు ఎండుటాకులు చేసే పని ఇది. రాస్తుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి మాజ్దా చూడ్డానికి మళ్లీ వెళ్లినప్పుడు ఇంజిన్ దగ్గరికి ముందు వెళ్లకండి. డిక్కీ తెరవండి, మ్యాట్ ఎత్తండి, స్టెప్నీ చుట్టూ, బ్యాటరీ కింద చెయ్యి పెట్టి చూడండి, ఎంఎక్స్-5కు బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. తడి ఉందా, తుప్పు పొడి ఉందా? తర్వాత సీట్లు ముందుకు జరిపి వెనకాల కార్పెట్‌ను వేళ్లతో గట్టిగా నొక్కండి. పైన పొడిగా ఉండి కింద స్పాంజి తడిగా ఉండటం చాలా మామూలు. టాప్ వేసి, అద్దాలు ఎత్తి, ఓ ఐదు నిమిషాలు లోపల ఊరికే కూర్చుని వాసన చూడండి. బూజు వాసన దాచడం ఎవరి తరమూ కాదు, అత్తరు వాసన గుప్పున కొడితే ఇంకా అనుమానించండి. తర్వాత అమ్మేవాళ్లను అడిగి ఒక సీసాడు నీళ్లు తీసుకుని, టాప్ సగం తెరిచి, సీటు బెల్ట్ స్తంభం దగ్గర ఆ రంధ్రంలోకి నెమ్మదిగా పోయండి. కింద వెనక చక్రం ముందు ధారగా కారాలి. కారకపోతే, చుక్కలు చుక్కలుగా వస్తే, ఆ నీళ్లన్నీ ఎక్కడికి వెళ్లాయో మీకు తెలిసిపోయింది కదా. రెండు పక్కలా చేయండి. ఈ పరీక్ష చేస్తానంటే ఇబ్బంది పడే ఓనర్ దగ్గర కొనొద్దు.

సిల్స్ వెనక చివర, వెనక చక్రాల ముందు, పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి. ఉక్కు ఉన్నచోట అంటుకుంటుంది, తుప్పు పోయి పుట్టీ నింపినచోట జారిపోతుంది. రెండో తరం ఎంఎక్స్-5లో, అంటే మీరు చూసిన దాంట్లో, ముందు వైపు ఛాసిస్ రెయిల్స్, అంటే బండి కింద పొడవునా సాగే ఉక్కు దూలాలు, కూడా లోపల నుంచి తుప్పు పడతాయి, అది పడుకుని చూసినా కనిపించదు, లిఫ్ట్ మీద మెకానిక్ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాలి, గట్టి ఉక్కు ఖణేల్‌మంటుంది, పోయింది మొద్దుగా మోగుతుంది. అక్కడ తుప్పు బాగా ఉంటే ఎన్ని బిల్లులున్నా, ఎంత ముచ్చటేసినా వదిలేసి ఇంకో ఎంఎక్స్-5 వెతకండి. ఈ ఒక్క విషయంలో జాలి పడొద్దు. ఇంజిన్ పోతే ఇంకోటి వేసుకోవచ్చు, బాడీ పోతే బండే లేదు.

టాప్ కుట్టు విడిపోవడం, రంగు వెలవడం గురించి మీరు బెంగపడ్డారు. నేనైతే వాటిని బేరానికి వాడుకుంటాను. టాప్ ఎలాగూ శాశ్వతం కాదు, పదీ పదిహేనేళ్లకు మార్చుకునే వస్తువే, ఎంఎక్స్-5కు బయటి కంపెనీల టాప్‌లు వినైల్‌లోనూ గుడ్డలోనూ తేలిగ్గా దొరుకుతాయి. మీరు చూసిన దానికి వెనక అద్దం నిజంగా గాజుదే, 1998 నుంచి అలా ఇచ్చారు. అంతకు ముందరి వాటిలో, ఇటు బాక్స్‌స్టర్‌లో కూడా 2002 దాకా, వెనక కిటికీ మెత్తటి ప్లాస్టిక్. చలిలో మడిస్తే పగులుతుంది, ఎండకు పచ్చబడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడి మసకబారుతుంది.

ఇక ఇంజిన్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారు. స్టార్ట్ అయిన కాసేపు పైనుంచి టిక్ టిక్ వినిపించి తగ్గిపోతే కంగారేం లేదు. రేడియేటర్ పైన ప్లాస్టిక్ భాగం నల్లగా ఉండాలి, గోధుమ రంగులోకి తిరిగిందంటే త్వరలో చీలుతుందని, ముందే మార్పించుకోండి. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కాస్త మొరాయించడం మామూలే, వేడెక్కాక కూడా గరగరమంటే మామూలు కాదు. గతుకుల రోడ్డు మీద తీసుకెళ్లి, ముందు అద్దం ఫ్రేమ్ ఎంత వణుకుతుందో, తలుపులు కిర్రుమంటున్నాయో గమనించండి, కొంచెం వణుకు అన్ని కన్వర్టబుల్స్‌కూ ఉంటుంది, కానీ తలుపు సందు పైనా కిందా ఒకేలా లేకపోతే బాడీ వంగిందని అర్థం.

మీ వారి మాటకు వద్దాం. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. పాత స్పోర్ట్స్ కారు తెల్ల ఏనుగు అయ్యేది ఎప్పుడంటే, చేతిలో ఉన్న డబ్బంతా పోసి కొన్నప్పుడు. అప్పుడు మొదటి రిపేరుకే గొంతులో వెలక్కాయ పడుతుంది, రెండో రిపేరు వాయిదా వేస్తారు, మూడోదానికి బండి కవర్ కిందికి వెళ్తుంది, మళ్లీ నాలుగేళ్లకు మీలాంటి ఇంకొకరు తక్కువ తిరిగిందని మురిసిపోయి చూస్తారు. మీ దగ్గర ఉన్నదాంట్లో మూడు వంతుల్లో రెండు వంతులకే బండి కొనండి. మిగిలిన వంతు విడిగా పెట్టండి, దానికి వేరే పేరు పెట్టొద్దు, అది ఈ బండి డబ్బే. మొదటి ఏడాదిలో టైర్లు, బ్రేక్ ఆయిల్, అన్ని రకాల ఆయిళ్లు, కూలెంట్, బెల్ట్, గట్టిపడ్డ రబ్బరు గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, ఇవన్నీ ఒక చుట్టు మార్పించుకుంటే అందులో చాలామటుకు ఖర్చయిపోతుంది, అయిపోనివ్వండి. ఆ తర్వాత రెండో ఏడాది నుంచి ఎంఎక్స్-5 ఖర్చు మామూలు చిన్న కారు ఖర్చుకు చాలా దగ్గరగా వస్తుంది. ఈ లెక్క మొత్తం కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. తెల్ల ఏనుగు అన్న మనిషికి కావాల్సింది వాదన కాదు, లెక్క. ఇంకో మాట, కొనడానికి ముందు టెస్ట్ డ్రైవ్‌కు ఆయన్ని తీసుకెళ్లండి, ఆయన్నే నడపనివ్వండి. సీటులో ఆయన పట్టాలి కూడా కదా, పొడుగ్గా ఉండేవాళ్లకు ఎంఎక్స్-5లో మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి.

రోజూ ఆఫీసుకు వాడటం గురించి. వాడొచ్చు, ఎంఎక్స్-5ను ఒక్కటే కారుగా వాడుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మీరు వెంటనే అలా చేయొద్దనడానికి కారణం ఉంది. మొదటి ఏడాదిలో బండి ఎన్నోసార్లు షెడ్డులో ఉంటుంది, ఫలానా పార్టు రావడానికి పది రోజులు పడుతుందని మెకానిక్ అంటాడు. ఇంట్లో ఇంకో కారు ఉంటే సరే తెప్పించండి అంటారు. లేకపోతే రేపటికల్లా ఎలాగోలా నడిచేలా చేసివ్వమని బతిమాలుతారు, ఆ ఎలాగోలా చేసిన పనులే పాత బండ్లను చంపేది. పైగా రోజూ తప్పనిసరిగా వెళ్లాల్సిన ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బండి మీద ఇష్టం కూడా తగ్గుతుంది. ఏడాది తర్వాత బండి మీకు అర్థమయ్యాక, అప్పుడు ఆలోచించుకోండి. ఇద్దరికే చోటు, డిక్కీలో రెండు సంచుల కంటే పట్టవు, అది కూడా మర్చిపోవద్దు.

భద్రత సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2001 నాటి చిన్న ఓపెన్ కారు ఇప్పటి కార్లంత సురక్షితం కాదు. ఎయిర్‌బ్యాగులు ఉంటాయి గానీ, బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు కమాన్లు (హూప్స్) బాక్స్‌స్టర్‌కు కంపెనీ ఇచ్చింది, ఎంఎక్స్-5కు ఇవ్వలేదు. సీట్ల వెనక మెరిసే కమ్మీ ఉంటే చాలా బండ్లలో అది అలంకారానికే, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన అసలు రోల్ బార్ వేరు, వీలైతే అది వేయించుకోండి, మంచి కంపెనీది. పెద్ద లారీల డ్రైవర్లకు మీరు కనిపించరు, వాళ్ల పక్కన ఎక్కువసేపు ఉండొద్దు. వెనక చక్రాలకు డ్రైవ్ ఉన్న తేలికైన బండి కాబట్టి తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా పెట్టండి, టైర్ల విషయంలో ఒక్క పైసా కక్కుర్తి పడకండి.

కొన్నాక ఏం చేయాలి అంటే ముఖ్యంగా రెండే పనులు. నెలకోసారి డ్రెయిన్లలో మెత్తటి ప్లాస్టిక్ వైరు దూర్చి, నీళ్లు పోసి చూసుకోండి. ఇనుప కమ్మీ దూర్చకండి, లోపల రబ్బరు గొట్టం చిరిగితే ఉన్న సమస్య రెట్టింపవుతుంది. టాప్ తడిగా ఉన్నప్పుడు మడిచి వదిలేయకండి, బూజు పట్టి మరకలు పోవు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, కుట్ల దగ్గర పాడవుతుంది. రెండో పని, నడపండి. వారానికోసారి అయినా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా, అంటే ఓ అరగంట పైన. ఊరికే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తే ఆయిల్లో, సైలెన్సర్లో తేమ మిగిలిపోతుంది, అంతకంటే అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం.

దొంగల భయం ఎక్కువగా ఉన్నచోట పార్క్ చేస్తే లోపల ఏ వస్తువూ వదలొద్దు, ఖాళీ బ్యాగు కూడా. పర్సు కోసం టాప్ కోస్తారు, పోయే పర్సు కంటే టాప్ ఖరీదు ఎక్కువ. కొందరు ఓనర్లు అందుకే తలుపులు లాక్ చేయరు, కానీ అలా చేస్తే క్లెయిమ్ ఇస్తారా లేదా అని ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడిగి తెలుసుకోండి.

ఇన్ని జాగ్రత్తలు చదివి మీ ఉత్సాహం నీరుగారిపోకూడదు, అందుకే ఇదీ చెప్తున్నాను. ఎంఎక్స్-5 వేగంగా వెళ్లే కారు కాదు, ఇప్పటి మామూలు కార్లు కొన్ని దాన్ని సులువుగా దాటేస్తాయి. కానీ టన్ను పైన కాస్త బరువు, నేలకు దగ్గరగా కూర్చోవడం, మణికట్టు కదిలిస్తే పడే గేరు, స్టీరింగ్‌లోంచి రోడ్డు ఎలా ఉందో వేళ్లకు తెలియడం, ఇవన్నీ కలిసి గంటకు అరవై కిలోమీటర్ల వేగంలోనే మీకు నవ్వు తెప్పిస్తాయి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద టాప్ తీసి వెళ్తుంటే తోటల పక్కన గాలి చల్లబడటం, వాన పడ్డ మట్టి వాసన, ఎవరింట్లోనో వేస్తున్న పోపు ఘాటు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి తగులుతాయి. పక్క అద్దాలు ఎత్తి, సీట్ల వెనక చిన్న విండ్ డిఫ్లెక్టర్ పెట్టుకుంటే చలికాలంలో కూడా హీటర్ వేసుకుని హాయిగా వెళ్లొచ్చు. దూరం వెళ్లేటప్పుడు టోపీ, సన్‌స్క్రీన్, ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, గంటల తరబడి ఆ గాలి హోరు చెవులకు మంచిది కాదు. 44 ఏళ్లకు ఇదేం సరదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, కాలేజీ రోజుల్లో కొనుక్కుని ఉంటే ఇన్సూరెన్స్ కట్టలేక అమ్మేసేవారు.

మాజ్దాలో తుప్పు బయటపడి వదిలేయాల్సి వస్తే, బాక్స్‌స్టర్ దగ్గరికి తిరిగి వెళ్లకుండా ఇంకో ఎంఎక్స్-5 చూడండి. కాస్త వేరే రుచి కావాలంటే 1999 నుంచి 2007 దాకా వచ్చిన టయోటా ఎంఆర్2 ఉంది, ఇంజిన్ మధ్యలో ఉంటుంది, నడపడానికి చాలా బాగుంటుంది, కానీ సామాను పెట్టుకోవడానికి చోటే లేదు, మొదట్లో వచ్చిన బండ్లలో ఇంజిన్ ఆయిల్ తాగడం, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ముక్కలు ఇంజిన్ లోపలికి పోవడం ఉంది కాబట్టి అది తెలిసిన మెకానిక్‌కు చూపించాకే. బీఎండబ్ల్యూ జెడ్3 అయితే డిక్కీ మ్యాట్ ఎత్తి అడుగు రేకు చీలిందేమో చూడాలి, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ లాగుడుకు అక్కడ చీలుతుంది. ఎంజీఎఫ్ చవగ్గా కనిపిస్తుంది, దాని కె-సిరీస్ ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) ఇబ్బంది తెలిసి, దాన్ని ఇష్టంగా భరించేవాళ్లకే అది సరిపోతుంది.

ఈ వారం మీరు చేయాల్సింది మాజ్దా ఓనర్‌కు ఫోన్ చేసి మూడు విషయాలు అడగడం: టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు, ముందు ఛాసిస్ రెయిల్స్‌కు ఎప్పుడైనా వెల్డింగ్ చేయించారా, నా మెకానిక్ దగ్గర ఒక పూట లిఫ్ట్ మీద చూపించనిస్తారా. మూడోదానికి ఒప్పుకుంటే అడ్వాన్స్ ఇవ్వకుండానే రోజు ఖాయం చేసుకోండి. వెళ్లేటప్పుడు టార్చ్ లైటు, అయస్కాంతం, ఒక సీసాడు నీళ్లు తీసుకెళ్లండి. ముందు రోజు వాన పడి ఉంటే ఇంకా మంచిది, కార్పెట్ దానంతటదే చెప్పేస్తుంది.